ఎండ చేయు పని, మనము చేయని పని

ఎండలో కొంతకాలము పడియున్న రబ్బరుపట్టీ జిగటగా మాఱుటయు, పాత సైకిలుగొట్టము మెత్తబడి చేతికంటుకొనుటయు నెఱుగనివారు మన పట్టణములలో నుండరు. లోకము దీనిని వస్తువు చెడుట యనును. రసాయనశాస్త్రజ్ఞుడు దీనినే సూర్యకాంతియు ప్రాణవాయువును గలసి రబ్బరునందలి దీర్ఘాణువులను త్రెంచుట యనును. చెఱుపుచున్న యీ శక్తినే లెక్కకు లోబఱచి నడిపించినచో గట్టిరబ్బరునుండి తేనెవలె పాఱెడి ద్రవరబ్బరును చేయవచ్చునని మన దేశమందే, కొచ్చిన్ విశ్వవిద్యాలయమునందు, 1986 నాటికే చూపబడినది. చూపబడి దాదాపు నాలుగు దశాబ్దములైనది. అయినను ఆ విద్య పెద్ద పరిశ్రమగా పరిణమింపలేదు. ఇది యేల యిట్లయినది, ఇకనైన జరుగవలసిన దేమి యను విషయమును నేడు పాఠకుల యెదుట పెట్టదలచితిమి. విషయము రసాయనశాస్త్రమునకు సంబంధించినదే. కాని దాని ఫలము మాత్రము రైతు కమతమునందును, దేశపు ధనాగారమునందును తేలవలసియున్నది.

మొదట రబ్బరన నేమో తెలిసికొందము. 1826లో ఫారడే పండితుడు రబ్బరును విశ్లేషించి, అందు ఐదు కర్బన పరమాణువులకు ఎనిమిది ఉదజని పరమాణువులు చొప్పున నున్నవని తేల్చెను. 1860లో గ్రెవిల్ విలియమ్సు రబ్బరును వేడిచే విడగొట్టి, ఆవిరిని చల్లార్చి, ఐసోప్రీను అను తేలికద్రవమును రాబట్టెను. ఇట్టి చిన్న లంకెలు వేలకొలది గొలుసువలె కూడుటచేతనే రబ్బరేర్పడినదని 1920 తరువాతి యేండ్లలో జర్మనుదేశీయుడగు స్టాడింజరు వాదించినపుడు తోటి పండితులు పెక్కురు నమ్మరైరి. ఆ వాదమే నిలిచి 1953లో ఆయనకు నోబెల్ బహుమానమును తెచ్చిపెట్టెను. ఒక్కొక్క లంకె యణుభారము 68. ప్రకృతిసిద్ధమైన రబ్బరుగొలుసు అణుభారము పదిలక్షల పరిమాణము గలది. అనగా ఒక్క గొలుసునందు పదివేలకు మించిన లంకెలుండునన్నమాట. ఈ పొడవే రబ్బరునకు సాగు గుణము నిచ్చుచున్నది. ఈ పొడవే దానిని పనివానిచేతికి లొంగనీయకున్నది.

ఏలయన, ముడిరబ్బరులో గంధకమును, మసిని, తక్కిన పొడులను కలుపవలెనన్న దానిని ముందు నమలవలయును. 1820లో లండనునందు టామస్ హాంకాకు ములుకులు గల యంత్రములో రబ్బరుముక్కలను వేసి నలిపినది మొదలు నేటివఱకును ఈ నమలుట తప్పలేదు. బరువైన యినుపరోలర్లు, వానిని త్రిప్పు పెద్ద మోటార్లు, పుట్టిన వేడిని చల్లార్చు నీటియేర్పాటు, అచ్చులనొత్తు యంత్రములు - ఇవి లేనివానికి రబ్బరుపరిశ్రమలో ప్రవేశము లేదు. చెట్టు చిన్నరైతుది, యంత్రము పెద్ద మూలధనము గలవానిది. ఈ రెంటినడుమ నున్న గోడ రబ్బరుయొక్క గట్టిదనముతోనే కట్టబడినది.

ద్రవరబ్బరు ఈ గోడకొక వాకిలి. గొలుసును త్రెంచి అణుభారమును కొన్నివేలకో కొన్ని పదివేలకో దించినచో రబ్బరు పాఱును. దానిని చిన్న యంత్రముతో కలుపవచ్చును, అచ్చులో పోయవచ్చును, పోసినపిమ్మట తెగిన గొలుసులను మరల కూర్చి గట్టిపఱుపవచ్చును. జిగురులకును, పూతలకును, సందులు పూడ్చు లేపములకును ఇది పనికివచ్చును. గట్టిరబ్బరును మెత్తపఱచుటకు సైతము దీనిని కలుపవచ్చును. ఆ పనికి పెట్రోలియమునుండి తీసిన నూనెలను వాడుట పరిశ్రమలో వాడుక. అట్టి నూనెలలో కొన్నిటియందు కేన్సరును పుట్టించు ద్రవ్యములున్నవని, టైర్లలో వాని వాడుకను ఐరోపా దేశముల కూటమి 2010 జనవరి 1 నుండి కట్టడి చేసినది. నూనె కాలక్రమమున వస్తువునుండి పైకి స్రవించును. ద్రవరబ్బరన్ననో, తానును రబ్బరే గావున గంధకముతో కలిసి ఆ వస్తువులోనే ముడిపడి నిలుచును. ఇంటి బంధువునకును అద్దెకున్న వానికిని గల భేదమిది.

గొలుసును త్రెంచుటకు ముఖ్యముగా మూడు దారులు గలవు. మొదటిది వేడి. దీనికి ఇంధనవ్యయము హెచ్చు, సరుకును నల్లబడును. రెండవది ఫెనైల్ హైడ్రజీను వంటి రసాయనము. ఇది విషపదార్థము, పనివాని యారోగ్యమునకు ముప్పు. మూడవది కాంతి. కొచ్చిన్ విశ్వవిద్యాలయమునందు రవీంద్రన్, గోపీనాథన్ నాయర్, జోసెఫ్ ఫ్రాన్సిస్ అను పండితులు రబ్బరును టోలుయీను అను ద్రావకములో కరగించి, హైడ్రజను పెరాక్సైడును చేర్చి, ఈ రెండును విడిపోక కలిసియుండుటకు తగిన మఱొక ద్రవమునుగూడ పోసి, అతినీలలోహిత దీపమునకును సూర్యకాంతికిని చూపిరి. కాంతి సోకినంతనే పెరాక్సైడు అణువు నడిమికి చీలి రెండు హైడ్రాక్సిల్ ఖండములగును. అవి ఊరకుండునవి కావు. రబ్బరుగొలుసుపై బడి దానిని త్రెంచును. తెగిన కొనలకు తామే యంటుకొనును. ఇట్లు ఒక్క పనితో రెండు ఫలములు కలుగుచున్నవి. గొలుసు పొట్టియగును, దాని కొనలయందు పట్టు ఏర్పడును. ఆ పట్టులకు ఐసోసయనేటు అను రసాయనమును తగిలించినచో గొలుసులు మరల కూడి పాలియురిథేను జాతికి చెందిన గట్టిపదార్థమగును.

మఱి మూడేండ్లకు, అనగా 1989లో, మలేషియా జాతీయ విశ్వవిద్యాలయమునందు ఇబ్రహీం అబ్దుల్లా మొదలగువారు ఇంకొకవిధమును ప్రకటించిరి. రోజ్ బెంగాల్, మిథిలీన్ బ్లూ అను రంగులను రబ్బరు ద్రావణమున కలిపి, కంటికి కనబడు కాంతితోనే గొలుసులు తెగునట్లు చేయుట ఆ మార్గము. రంగు వెలుతురును పీల్చి ఆ శక్తిని ప్రాణవాయువునకందించును. ఉద్రేకము పొందిన ప్రాణవాయువు గొలుసును పట్టుకొనును. ఈ మార్గములలో దేనికిని పొయ్యి యక్కఱలేదు. గదివేడిమియందే పని సాగును.

ఈ విద్యకును మన జీవనమునకును గల సంబంధమేమని పాఠకులడుగవచ్చును. రబ్బరు చరిత్రయే దానికి సమాధానము. 1876లో హెన్రీ వికాము అను ఆంగ్లేయుడు బ్రెజిలు అడవులనుండి సుమారు 70,000 గింజలను లండను సమీపమునందలి క్యూ తోటకు చేర్చెను. అచ్చట మొలచిన మొక్కలు సింహళమునకును, మలయాకును ప్రయాణమైనవి. 1902లో పెరియారు నదీతీరమున తట్టేక్కాడు వద్ద మన దేశమునందు మొదటి వాణిజ్యపుతోట నాటబడెను. మలయా తోటలలో పనిచేయుటకు తమిళులతోపాటు విశాఖపట్టణము, గంజాము, గోదావరి మండలముల తెలుగుకూలీలును ఓడలెక్కిరి. వారి సంతతివారు నేటికిని మలేషియాలో తెలుగు పలుకుచున్నారు. గింజ బ్రెజిలుది, భూమి ఆసియాది, చెమట మన కూలీలది. లాభము మాత్రము సముద్రములు దాటి లండను చేరినది. ప్రత్తిని పంపి బట్టను కొన్న దేశమునకు ఈ కథను విప్పి చెప్పనక్కఱలేదు.

1947లో రబ్బరుచట్టము వచ్చినది. దానితో బోర్డు వచ్చినది. 1955లో కొట్టాయమునందు భారత రబ్బరు పరిశోధనాసంస్థ వెలసినది. తోటలు దొరలచేతులనుండి చిన్నరైతుల చేతులకు వచ్చినవి. నేడు సాగువిస్తీర్ణమున పదింట తొమ్మిదివంతులు చిన్న కమతములే. ఇంతవఱకు సంతోషింపదగినదే. కాని తెల్లవాఱుజామున లేచి బెరడు గీసి, చిప్పలో పాలుపట్టి, ఆమ్లముతో పెరుగువలె తోడుపెట్టి, రేకులుగానొత్తి, పొగగూటిలో నారవేయు ఆ రైతు తన సరుకునకు తాను ధర చెప్పగలడా? చెప్పలేడు. 2011లో కిలో 200 రూపాయలకు మించి పలికిన రబ్బరు 2016 ఆరంభమున నూఱు రూపాయలకు దిగువకు పడినది. చెట్టు మాఱలేదు, పాలు మాఱలేదు, రైతు కష్టము మాఱలేదు. ధర మాత్రము ఐదేండ్లలో సగమునకు మించి కరగినది. దేశమున వాడుకయగు రబ్బరులో సుమారు మూడింట రెండువంతులు టైర్లకే పోవుచుండగా, కొనువారు కొలదిమంది, అమ్మువారు లక్షలమంది. ముడిసరుకును మాత్రమే యమ్ముకొనువాని బ్రదుకు ఏ కాలమునందైనను ఇంతే. సరుకును ఒక మెట్టు పైకెక్కించి యమ్మగలిగిననాడు గాని అతనికి బేరమాడు సత్తువ కలుగదు. ఆ మెట్టులలో ద్రవరబ్బరొకటి యని మేము తలంచుచున్నాము.

దీనిపై రెండు వైపులనుండియు ఆక్షేపణలు రాగలవు. మన రబ్బరే మనకు చాలకుండగా దానిని త్రెంచి ద్రవము చేయుట యేలయని కొందఱందురు. 2023-24లో దేశపు ఉత్పత్తి సుమారు 8.5 లక్షల టన్నులు, వినియోగము 14 లక్షల టన్నులకు మించినది. లోటు దిగుమతులతో పూడ్చుకొనవలసి వచ్చుచున్నది. మాట నిజమే. కాని ద్రవరబ్బరు లక్షల టన్నులలో కావలసిన సరుకు కాదు. కొన్నివేల టన్నులు దీనికి మరలించినంతమాత్రమున బండిచక్రములు నిలిచిపోవు. గిరాకి లేదనుటయు సరికాదు. జపానునందలి కురరే సంస్థ పెట్రోలియమునుండి వచ్చు ఐసోప్రీనుతో ద్రవరబ్బరును చేసి దేశదేశములకు అమ్ముచున్నది. అమెరికాలో ప్రకృతిరబ్బరునే త్రెంచి చేసిన ద్రవరబ్బరు చిరకాలముగా విపణిలో నున్నది. రబ్బరుచెట్టు మొలవని దేశములు ద్రవరబ్బరునమ్ముచుండ, చెట్టు గల దేశము చూచుచుండుట వింత గాదా?

రెండవవైపువారు దీనిని మితిమీఱి పొగడువారు. ఎండ మనకు ఊరక దొరకును, రబ్బరు మనది, ఇక కావలసినదేమని వారందురు. ఇట్టి యుత్సాహము విరోధమంత చెఱుపు చేయగలదు. ఎండకు వెలలేదు, టోలుయీనునకు వెల గలదు. కొలది రబ్బరును కరగించుటకు దానికి పెక్కురెట్లు ద్రావకము పోయవలయును. అది త్వరగా అంటుకొను ద్రవము. దాని యావిరి పనివాని నాడులకు హాని. పని ముగిసినపిమ్మట దానిని మరల రాబట్టవలెనన్న వేడిచేయక తప్పదు. ముంగిట మానిన పొయ్యిని పెరటిలో రాజవేసినట్లగును. మఱియు వెలుతురు ద్రావణములోనికి లోతుగా చొరజాలదు. చిన్న సీసాలో సాగినపని పెద్ద తొట్టిలో సాగదు. పలుచని పొరగా పాఱించుచు వెలుతురునకు చూపవలసియుండును. పెరాక్సైడును సుళువుగా చీల్చు హ్రస్వకిరణములను పైనున్న ఓజోనుపొర వడకట్టుచున్నది గావున ఎండలో ఈ పని దీపముక్రింద జరిగినంత వేగముగా జరుగదు; దీపము పెట్టినచో విద్యుత్తు ఖర్చు. ఇదియునుగాక, కాంతి గొలుసులను త్రెంచుటయేకాక యొక్కొక్కప్పుడు ఒకదాని కొకదానిని ముడివేసి కరగని ముద్దలను గూడ పుట్టించును. నేడు ఎండ, రేపు మబ్బు. కొనువాడు కోరునది మాత్రము ప్రతిదినమును ఒకేతీరు సరుకు.

ద్రావకమునే మానివేసి, చెట్టుపాలలోని నీటిలోనే ఈ పని జరిపింపవచ్చునుగదా యను తలంపు పరిశోధకులలో గలదు. అది మంచి తలంపే. కాని పాలు తెల్లనివి. వెలుతురును చెదరగొట్టి వెనుకకు పంపును. అచ్చటను పలుచనిపొరయే శరణ్యము. ఇవి యన్నియు నిజమైన చిక్కులు. కాని వీనిలో ఒక్కటియు ఉద్యమమును మానుకొనుటకు చాలిన కారణము కాదు. ఇవి ప్రయోగశాలలో పండితుడు తీర్చు చిక్కులు కావు. చిన్న కార్ఖానాను నిలిపి, రెండు మూడేండ్లు నడిపి, ఇంజనీరు తీర్చవలసినవి. సీసాకును కార్ఖానాకును నడుమ నుండు ఈ మెట్టునకు ధనము పెట్టువారు దొరకరు. ఇది శాస్త్రమునకు చెందినదని వ్యాపారి యనును; ఇది వ్యాపారమునకు చెందినదని విశ్వవిద్యాలయ మనును. ఇరువురి నడుమ విద్య యనాథయగును.

ఇది మన దేశమున దాటరాని మెట్టనువారికి శ్రీహరికోటను చూపుచున్నాము. అచ్చటనుండి పైకెగయు పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి యంచెలో ఇంధనమును ముద్దగా పట్టియుంచునది ఒకవిధమగు ద్రవరబ్బరే. బ్యూటడయీను అను ద్రవ్యమునుండి చేయబడు కృత్రిమరబ్బరది. దాని కొనలయందును ఈ హైడ్రాక్సిల్ పట్టే యున్నది. కొచ్చిన్ ద్రవరబ్బరునకు అది తోబుట్టువనదగును. తిరువనంతపురమునందలి విక్రం సారాభాయి అంతరిక్షకేంద్రమువారు దాని తయారీవిధమును తామే సాధించి దేశీయపరిశ్రమకు అప్పగించిరి. అక్కడ సాధ్యమైనది ఇక్కడ నేల యసాధ్యము? రాకెట్టునకు దేశము పట్టుదలతో పూనుకొన్నది. రైతు రబ్బరునకు పూనుకొనలేదు. భేదమంతయు నిదియే. తెలివిలో లోపము లేదు, సంకల్పములో నున్నది.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, రబ్బరుబోర్డును విశ్వవిద్యాలయమును గలసి, ప్రజాధనముతో, దినమునకు కొన్నివందల కిలోల ద్రవరబ్బరును చేయజాలిన చిన్న కార్ఖానా నొకదానిని నిలుపవలయును. ద్రావకముతో నొకవిధమును, పాలతో నొకవిధమును ప్రక్కప్రక్కనే నడిపి చూడవలయును. రెండవది, దాని లెక్కలు లోకమునకు తెలుపవలయును. కిలో సరుకునకు ఎంత ద్రావకము గాలిలో పోయినది, ఎంత విద్యుత్తు పట్టినది, మబ్బుదినములలో ఏమైనది, పనివారి యారోగ్యమెట్లున్నది - ఇవి దాచవలసిన రహస్యములు కావు. మూడవది, కేరళమునందు రబ్బరు ఉత్పత్తిదారుల సంఘములిదివఱకే యున్నవి. వానికి ఇందు భాగస్వామ్యము నుండవలయును. అట్లుగాక కార్ఖానా ఫలించినపిమ్మట దానిని పెద్ద ధనికునకు ధారపోసినచో, రైతు మరల రేకులమ్ముకొను చోటనే నిలుచును. మనము చేసినదెల్ల గోడకు క్రొత్త సున్నము వేసినట్లగును.

నాలుగవది మన సీమకు సంబంధించినది. కేరళమునందు జూను మొదలు నవంబరువఱకు రెండు వర్షకాలములు ఒకదానివెంట నొకటి వచ్చును. ఎండ బాగుగా కాయు ఫిబ్రవరి ప్రాంతముననో చెట్లు ఆకురాల్చి పాలు తగ్గించును. పాలున్నపుడు ఎండ చాలదు, ఎండయున్నపుడు పాలు చాలవు. కాని ఆరిన రబ్బరురేకు పాలవంటిది కాదు, నిలువయుండును, రైలెక్కును. అనంతపురమున సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ లోటువలన ఆ సీమవారు తరతరములుగా కష్టపడుచున్నారు. ఆ యెండయే యొక పరిశ్రమకు ముడిసరుకు కాగలదేమో ఏల చూడరాదు? సీమాభిమానముచేత మాత్రమే యీ మాట ననుటలేదు. కేరళమునందొకటి, రాయలసీమయందొకటి, రెండు చిన్న తొట్లను ఒక్క సంవత్సరము నడిపి, రవాణాఖర్చును చేర్చి లెక్కచూచినచో ఏ చోటు మేలో అంకెలే చెప్పును. అంకెలు కేరళమే మేలన్నచో కేరళమందే నడుపుడు, మాకు చింతలేదు.

స్వదేశీయమన మన నూలును మనము వడకుకొనుట యని మన పెద్దలు నేర్పిరి. ఆ పాఠములో నూలు నిమిత్తమాత్రము. తనచేతనున్న ముడిసరుకును తన తెలివితో సరుకుగా మార్చుకొనుట దాని సారము. ఇచ్చట ముడిసరుకు మన చెట్లది, తెలివి మన విశ్వవిద్యాలయముది, శక్తి మన యాకాశముది. ఇన్ని కలిసివచ్చిన చోట కార్యము నిలిచిపోయినదన్న, నిలిపినది ప్రకృతి కాదు. పఠనమందిరములలో దినపత్రికలను ముందిడుకొని ధరలు పడిపోయెనని విచారించు విద్యావంతులు, ధర పడినప్పుడెల్ల ప్రభుత్వమును సహాయధనమడుగుటతో తృప్తిపడక, ఇట్టి విద్యలేమైనవని తమ ప్రతినిధులను నిలదీసి యడుగుట నేర్వవలయును. సహాయధనము ఈ యేటి యాకలి తీర్చును. విద్య వచ్చు తరమునకు నిలుచును.

ద్రవరబ్బరు మనలను ఒక్కరాత్రిలో ధనవంతులను చేయునని మేము చెప్పము. అది లాభసాటియగునో కాదో కూడ కార్ఖానా నడచినగాని తేలదు. నడిపి, లెక్కవ్రాసి, లాభమైన చేపట్టుదము. నష్టమైన కారణమెఱిగి మానుదము. అట్లు మానుటయందు అవమానము లేదు. చేయకయే, చూడకయే, నలువదియేండ్లనాటి విద్యను బీరువాలో నుంచి తాళము వేయుటయందు మాత్రము అవమానము గలదు. ఆ తాళము తీయుమని యడుగుటకే ఇంత వ్రాసితిమి.